సేవల ఎగుమతితో దేశం ఎదుగుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షలకు చదివేవారు, ఐటీ ఉద్యోగులు, పిల్లల్ని విదేశాలకు పంపిన తల్లిదండ్రులు సేవల వాణిజ్యం గురించి పదేపదే అడిగే సందేహాలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ప్రశ్నలను వీలైనంతవరకు అడిగినవారి మాటల్లోనే ఉంచాం. ఉదాహరణలు ఎక్కువగా భారత్‌వే. వస్తువుల కంటే సేవలతో ఎక్కువ పేరు తెచ్చుకున్న పెద్ద దేశం ఇదే కాబట్టి మంచిచెడ్డలు రెండూ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. ఏ ప్రశ్న నుంచైనా చదవడం మొదలుపెట్టవచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

ఓడ ఎక్కనిది, గోదాములో పెట్టలేనిది ఎగుమతి ఎలా అవుతుంది?

సరుకు సరిహద్దు దాటిందా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పని చేసినవారు ఒక దేశవాసులు, దానికి డబ్బు చెల్లించినవారు మరో దేశవాసులు అయితే అది సేవల ఎగుమతి.

హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేసే ఉద్యోగిని తీసుకోండి. అమెరికాలోని ఒక ఆసుపత్రి నుంచి రోగి రికార్డు ఆమె కంప్యూటర్ తెర మీదకు వస్తుంది. ఎడమ మోకాలి కీలు అరిగిపోయిందని డాక్టరు రాశారు. వ్యాధుల పట్టికలో దానికి ఆమె ఎం17.12 అనే కోడ్ వేస్తుంది. కుడి మోకాలైతే ఎం17.11 వేయాలి. ఆ చివరి అంకె తప్పితే బీమా కంపెనీ బిల్లును తిప్పి పంపే ప్రమాదం ఉంది, అప్పుడు ఆసుపత్రికి రావలసిన డబ్బు ఆగిపోతుంది. ఆ అంకె సరిగ్గా పడేలా చూసినందుకే ఆసుపత్రి డాలర్లు చెల్లిస్తుంది. ఏ రేవులోనూ ఏ కస్టమ్స్ అధికారీ ఈ సరుకును చూడరు.

గాట్స్‌లో నాలుగు పద్ధతులు ఉన్నాయంటారు. గుర్తుండేలా చెబుతారా?

సేవల వాణిజ్యంపై సాధారణ ఒప్పందమే గాట్స్. ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు 1995 జనవరిలో అమలులోకి వచ్చింది. అది చెప్పే నాలుగు పద్ధతుల్లో ఎవరు కదులుతున్నారో చూస్తే చాలు. మొదటి దానిలో మనుషులు కదలరు, సేవ ఒక్కటే తీగల మీదుగా వెళుతుంది. రెండో దానిలో కొనేవారు వస్తారు: ఆఫ్రికా, గల్ఫ్ దేశాల నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వచ్చే రోగులు ఇందుకు ఉదాహరణ. మూడో దానిలో కంపెనీయే వచ్చి శాఖ తెరుస్తుంది: ముంబయిలోని విదేశీ బ్యాంకు వంటిది. నాలుగో దానిలో పని చేసే మనిషి కొంతకాలానికి వెళతాడు: కంపెనీ ఆన్‌సైట్‌కు, అంటే విదేశంలోని కస్టమర్ దగ్గరకు పంపిన ఇంజినీరు.

విలువలో సగానికి పైగా మూడో పద్ధతిదే. పత్రికల్లో ఎక్కువ చోటు దొరికే నాలుగో పద్ధతి వాటా చాలా చిన్నది.

గల్ఫ్ నుంచి మావాళ్లు పంపే డబ్బు కూడా సేవల ఎగుమతేనా?

కాదు. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లి ఏళ్ల తరబడి పనిచేసే మేస్త్రీ లెక్క ప్రకారం ఆ దేశవాసి. ఆయన ఇంటికి పంపేది ఒక దేశవాసి మరో దేశంలోని కుటుంబానికి చేసిన బదిలీ అవుతుంది. 2023-24లో ఇలా భారత్‌కు వచ్చిన సొమ్ము దాదాపు 118 బిలియన్ డాలర్లు. ఒక హైదరాబాద్ కంపెనీ తన ఇంజినీరును మూడు నెలలకు దుబాయ్ పంపి ఆ పనికి బిల్లు వేస్తే మాత్రం అది సేవల ఎగుమతి.

లెక్కల్లో వేరైనా ఈ రెండూ పూడ్చే గొయ్యి ఒకటే. చమురు, బంగారం, ఎలక్ట్రానిక్స్ కొనడం వల్ల భారత్‌కు వస్తువుల వాణిజ్యంలో ఏటా భారీ లోటు వస్తుంది. 2023-24లో అది సుమారు 240 బిలియన్ డాలర్లు.

అమెరికాలో మా అబ్బాయి చదువుకు కట్టే ఫీజు ఏ లెక్కలోకి వస్తుంది?

భారత్ చేసుకునే సేవల దిగుమతిలోకి. అమెరికాకు అది ఎగుమతి. ఆ అబ్బాయి అక్కడ ఇంటి అద్దెకు, తిండికి పెట్టే ఖర్చు కూడా అంతే. 2023-24లో అమెరికా కళాశాలల్లో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు, ఆ ఏడాది ఏ ఇతర దేశం నుంచీ అంతమంది లేరు. తెలుగు కుటుంబాలు తాకట్టు పెట్టిన పొలాలు, ఇళ్లు ఈ అంకె వెనక చాలానే ఉన్నాయి.

## లెక్కల గురించి

భారత్ సేవల ఎగుమతి నిజంగా ఎంత ఉంటుంది?

2023-24లో సుమారు 341 బిలియన్ డాలర్లు, 2024-25లో సుమారు 387 బిలియన్ డాలర్లు. ఈ రెండేళ్లలోనూ వస్తువుల ఎగుమతి 437 బిలియన్ డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ప్రపంచ వస్తువుల ఎగుమతుల్లో భారత్ వాటా రెండు శాతం లోపే ఉండగా సేవల్లో నాలుగు శాతం దాటింది.

సేవల ఎగుమతిలో దాదాపు సగం సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ సేవలదే. ఆ తర్వాతి పెద్ద భాగాన్ని లెక్కల్లో ‘ఇతర వ్యాపార సేవలు’ అంటారు. పేరు చప్పగా ఉన్నా ఇటీవల జోరుగా పెరుగుతున్నది ఇదే. విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత కేంద్రాలు చేసే అకౌంటింగ్, డిజైన్, పరిశోధన, న్యాయ పత్రాల పని ఇందులో ఉంటాయి.

రాష్ట్ర ప్రభుత్వాలు చెప్పే ఐటీ ఎగుమతుల అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు?

అంకె తప్పని చెప్పడానికి కారణం లేదు. అది దేని గురించి చెబుతుందో గమనించాలి. 2022-23లో తెలంగాణ ఐటీ ఎగుమతులు ₹2.41 లక్షల కోట్లు అని ప్రకటించారు. అది మొత్తం బిల్లుల విలువ. ఆన్‌సైట్ ఉద్యోగుల జీతాలు, విదేశీ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, అక్కడి అమ్మకాల సిబ్బంది ఖర్చు పోగా ఇక్కడ మిగిలేది అంతకంటే తక్కువే. చొక్కాల ఎగుమతిలోనూ బయటి నుంచి కొన్న గుడ్డ ఖర్చు ఇలాగే తీసేయాలి. నిజానికి సేవల్లో ఇక్కడ మిగిలే వాటా వస్తువుల కంటే ఎక్కువే ఉంటుంది. ఉద్యోగాల అంకె ఇంకా సూటిగా మాట్లాడుతుంది: ఆ ఏడాది తెలంగాణ ఐటీలో సుమారు 9 లక్షల మంది ఉన్నారు.

## ఎలా మొదలైంది

ప్రభుత్వం కన్ను పడలేదు కాబట్టే ఐటీ ఎదిగింది అంటారు. నిజమేనా?

సగం నిజం. ఆ సగాన్నే అందరూ చెబుతారు. లైసెన్సులు, ఇన్‌స్పెక్టర్లు, కార్మిక చట్టాలు ఫ్యాక్టరీని పీడించినంతగా సాఫ్ట్‌వేర్ కంపెనీని పీడించలేదన్నది వాస్తవమే. అద్దె గదిలో నాలుగు కంప్యూటర్లతో నడిచే వ్యాపారానికి ముడిసరుకు కోటా అక్కర్లేదు.

మిగతా సగం చూడండి. ఆ కంప్యూటర్ల ముందు కూర్చున్న తొలి తరం ఇంజినీర్లు చదివింది ప్రభుత్వ ఖర్చుతో నడిచిన కళాశాలల్లో. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రం పెట్టినప్పుడు పనిని అమెరికాకు పంపడానికి ఉపగ్రహ లింకు కావలసి వచ్చింది. అది ప్రభుత్వ అనుమతితో, ప్రభుత్వ వ్యవస్థ ద్వారానే దొరికింది. 1991లో విదేశీ మారకం అడుగంటి బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చిన ఏడాదే సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ పుట్టింది. ఒక్కో కంపెనీ సొంతంగా పెట్టుకోలేని డేటా లింకులను ఆ పార్కులు పంచి ఇచ్చాయి. ఎగుమతి లాభాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు 2011 వరకు సాగింది. ఇంత చేశాక ‘ప్రభుత్వం పట్టించుకోలేదు’ అనడం అన్యాయం.

అదృష్టం కూడా కలిసివచ్చింది. 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తేదీని తప్పుగా చదువుతాయన్న భయంతో ప్రపంచమంతా కోడ్ సరిదిద్దే మనుషుల కోసం వెతికింది. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని ఇక్కడ తెరిచింది కూడా 1998లోనే. అప్పటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలు వరసగా వెలుస్తున్నాయి. వాటి నాణ్యత గురించి ఎన్ని విమర్శలు ఉన్నా, కంపెనీలకు కావలసినంత మంది దొరికింది వాటి వల్లే.

గాట్స్‌ను మొదట భారత్ ఎందుకు వ్యతిరేకించింది?

సేవలంటే అప్పట్లో బ్యాంకులు, బీమా, టెలికం అనే అర్థం. అమెరికా కంపెనీలు వచ్చి వాటిని మింగేస్తాయని భయం. 1986లో ఉరుగ్వేలోని పుంటా డెల్ ఎస్తేలో, గాట్స్‌కు దారితీసిన ప్రపంచ వాణిజ్య చర్చలు మొదలయ్యే ముందు భారత్, బ్రెజిల్ ముందు నిలిచి సేవలను చర్చల్లో చేర్చవద్దని పట్టుబట్టాయి. చివరికి వస్తువుల చర్చలతో కలపకుండా వేరుగా చర్చించేందుకు ఒప్పుకున్నాయి. సాఫ్ట్‌వేర్ ఎగుమతి అప్పటికి ఎవరి ఊహలోనూ పెద్దది కాదు. పదిహేనేళ్లు తిరిగేసరికి మనుషుల రాకపోకలకు, ఆన్‌లైన్ సేవలకు తలుపులు తెరవమని గట్టిగా అడిగే దేశాల్లో భారత్ ముందుంది.

## వృద్ధి, ఉద్యోగాలు

ఫ్యాక్టరీలు లేకుండా సేవలతోనే దేశం ధనికం కావచ్చా?

చిన్న దేశాలు కొన్ని దగ్గరగా వెళ్లాయి. కోట్ల జనాభా ఉన్న పేద దేశం ఏదీ ఇప్పటివరకు ఆ పని చేయలేదు. బ్రిటన్, జపాన్, దక్షిణ కొరియా, చైనా అన్నీ పొలం వదిలిన మనిషిని మొదట ఫ్యాక్టరీలోకే తీసుకున్నాయి. ఫ్యాక్టరీ పదో తరగతి చదివినవారికీ పని నేర్పి జీతం ఇస్తుంది, ఆ సరుకు ప్రపంచమంతా అమ్ముడవుతుంది. అందుకే వృద్ధి, ఉపాధి చేయి చేయి పట్టుకుని నడిచాయి.

నేటి పేద దేశాల్లో పరిశ్రమల వాటా, ధనిక దేశాలు ఒకప్పుడు చేరిన ఎత్తుకు చేరకముందే తగ్గిపోతోందని ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ చూపించారు. యంత్రాలు పెరగడం, చైనా పోటీ రెండూ ఇందుకు కారణాలే. మరి సేవలు ఆ ఖాళీని నింపుతాయా? 2023-24లో భారత్ ఐటీ రంగం మొత్తం ఉద్యోగులు దాదాపు 54 లక్షల మంది. దేశంలో పనిచేసేవారి సంఖ్యతో పోలిస్తే ఇది ఒక శాతం కూడా కాదు. వ్యవసాయం మీద ఆ ఏడాది కూడా 46 శాతం మంది ఆధారపడ్డారు. పక్కనే బంగ్లాదేశ్ దుస్తుల ఫ్యాక్టరీల్లో దాదాపు 40 లక్షల మంది పనిచేస్తున్నారు. ఆ దేశ జనాభా మనలో ఎనిమిదో వంతు. ఆ కార్మికుల్లో ఎక్కువమంది పెద్దగా చదువుకోని మహిళలు.

సేవల ఎగుమతి డాలర్లు తెస్తుంది, మధ్యతరగతిని పెంచుతుంది, నగరాలు కడుతుంది. ఇంటర్ ఆపేసిన కుర్రాడికి నేరుగా ఉద్యోగం ఇవ్వలేదు. ఆ కుర్రాడి సంగతి వదిలేసి ఎగుమతి అంకెతో సంబరపడే విధానం నాకు నచ్చదు.

ఒక ఐటీ ఉద్యోగం నాలుగు బయటి ఉద్యోగాలు పుట్టిస్తుందంటారు కదా?

మాదాపూర్ వీధుల్లో నడిస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, క్యాబ్‌లు, అపార్టుమెంట్ల కాపలా, ఇంటి పని, డెలివరీ కుర్రాళ్లు అందరూ ఐటీ జీతాల నీడలో బతుకుతున్నవారే. ‘నాలుగు’ అన్న అంకెను పట్టుకుని ఊగడం అనవసరం, అది ఎలా లెక్కకట్టారన్నదాన్ని బట్టి మారిపోతుంది.

అసలు ప్రశ్న ఈ పనుల జీతాల గురించి. కోడ్ రాసేవారి ఆదాయం పెరిగినంత మాత్రాన కాపలాదారు జీతం అంతే పెరగదు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి పనికోసం వచ్చేవారు ఉన్నంతకాలం ఆ జీతాన్ని కిందే పట్టి ఉంచే మనుషులు దొరుకుతూనే ఉంటారు. ఊళ్లో మరో ఆదాయ మార్గం ఉన్న రోజే నగరంలో బేరం ఆడే బలం వస్తుంది.

సేవల్లో ఉత్పాదకత పెరగదని పుస్తకాల్లో చదివాం. తప్పా?

1960లలో విలియం బామల్ చెప్పిన మాట అది: నలుగురు వాయించే సంగీతానికి ఎప్పుడూ నలుగురే కావాలి. క్షౌరశాల, బడి, నర్సింగ్ విషయంలో అది ఇప్పటికీ చాలావరకు నిజం. బ్యాంకింగ్, టెలికం, సాఫ్ట్‌వేర్‌కు వర్తించదు. అక్కడ ఒక మనిషి చేసే పని ఇరవై ఏళ్లలో ఎన్నో రెట్లు అయింది. ‘సేవలు’ అనే ఒకే సంచిలో ఈ రెండింటినీ వేయడమే చిక్కు. రెండో రకం ఎగుమతి అవుతుంది కానీ తక్కువమందిని పెట్టుకుంటుంది. మొదటి రకం ఎక్కువమందికి పని ఇస్తుంది కానీ వీధి దాటదు.

కాల్ సెంటర్లలో ఫిలిప్పీన్స్ మనల్ని ఎలా దాటింది?

ఆ దేశం 1946 వరకు అమెరికా పాలనలో ఉంది. అమెరికన్ల యాస, వాళ్ల టీవీ, వాళ్ల బాస్కెట్‌బాల్ అక్కడ పాతుకుపోయాయి. ఫోనులో కోపంగా ఉన్న కస్టమర్‌ను శాంతింపజేయడానికి అవన్నీ పనికొస్తాయి. 2010 ప్రాంతానికి ఫోను ద్వారా జరిగే పనిలో ఫిలిప్పీన్స్ భారత్‌ను దాటేసింది. 2023 నాటికి ఆ రంగంలో సుమారు 17 లక్షల మంది ఉన్నారు. ఇంజినీరింగ్ చదవనివారికీ అక్కడ పని దొరకడం గమనించదగ్గ విషయం. అదే సమయంలో కంప్యూటరే మాట్లాడే రోజు వస్తే మొదట దెబ్బ తగిలేది కూడా ఈ పనికే.

పర్యాటకం మీద ఆధారపడటం మంచిదేనా?

పెద్దగా చదువుకోనివారికి పని ఇచ్చే ఎగుమతి సేవ ఇది. కానీ ఒక్క చెడ్డ ఏడాదికి కూలిపోతుంది. 2020లో కోవిడ్ వల్ల మాల్దీవుల ఆదాయం దాదాపు మూడో వంతు పడిపోయింది. శ్రీలంకకు 2019 ఈస్టర్ బాంబు దాడులు, ఆ వెంటనే కోవిడ్ వరసగా తగిలాయి. 2022లో ఆ దేశం అప్పులు కట్టలేక చేతులెత్తేయడానికి పన్నుల కోత, పాత అప్పులతో పాటు ఆగిపోయిన పర్యాటక డాలర్లు కూడా కారణమే.

ఆఫ్రికా దేశాలు భారత్ దారిలో నడవవచ్చా?

నడక మొదలైంది, దారి మాత్రం వేరు. తూర్పు ఆఫ్రికా తీరానికి సముద్రగర్భ కేబుళ్లు 2009లో గాని రాలేదు. అంతకుముందు నైరోబీ నుంచి ఇంటర్నెట్ పని ఎగుమతి చేయాలంటే ఖరీదైన ఉపగ్రహమే దిక్కు. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా ఫోను ద్వారా డబ్బు పంపే పనిని సామాన్యుడి చేతికి తెచ్చింది. ఇథియోపియా అయితే విమానయానాన్ని ఎంచుకుంది: ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ ఆ దేశానికి విదేశీ మారకం తెచ్చే ముఖ్యమైన వనరుల్లో ఒకటి.

కృత్రిమ మేధకు నేర్పడానికి చిత్రాలకు, వాక్యాలకు గుర్తులు పెట్టే పని ఇటీవల నైరోబీకి వచ్చింది. గంటకు రెండు డాలర్ల లోపు చెల్లించారన్న వార్తలు 2023లో దుమారం లేపాయి. ఎగుమతి అన్న పేరుంటే చాలదు, అందులో ఎంత నేర్చుకుంటారు, పై మెట్టు ఉందా అన్నవి చూసుకోవాలి.

## దిగుమతులు, ఒప్పందాలు, వీసాలు

విదేశీ బ్యాంకులను, బీమా కంపెనీలను రానిస్తే మనకు ఒరిగేది ఏమిటి?

ఎగుమతి గురించి గంటలకొద్దీ మాట్లాడేవారు దీని గురించి మాట్లాడరు. వృద్ధికి మాత్రం ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. ఫ్యాక్టరీకి అప్పు కావాలి, ఫోను కావాలి, లారీ కావాలి, బీమా కావాలి. ఇవి ఖరీదైతే సరుకూ ఖరీదవుతుంది. 1990లలో ఫోను కనెక్షన్ కోసం ఏళ్లు ఎదురుచూసినవారికి చెప్పనక్కర్లేదు. ఆ దశాబ్దంలో బ్యాంకింగ్, టెలికం, రవాణా రంగాలను పోటీకి తెరిచాక, ఆ సేవలను ఎక్కువగా వాడుకునే భారతీయ ఫ్యాక్టరీల ఉత్పాదకత పెరిగినట్లు పరిశోధకులు గుర్తించారు.

షరతు ఒకటుంది. తెరిచే ముందు గట్టి నియంత్రణ సంస్థ ఉండాలి. బీమాలో విదేశీ పెట్టుబడి పరిమితిని 2000లో 26 శాతంగా మొదలుపెట్టి, 2015లో 49కి, 2021లో 74కి పెంచారు. నత్తనడక అని వెక్కిరించారు గానీ, ప్రజల పొదుపు ఉన్నచోట ఆ నెమ్మదితనం తప్పు కాదు.

హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు పెడితే ఏ ఒప్పందమూ అడ్డుకోదా?

సూటిగా అడ్డుకునేది లేదు. గాట్స్ తాత్కాలికంగా సేవ అందించడానికి వచ్చేవారి గురించే మాట్లాడుతుంది. వలస, శాశ్వత ఉద్యోగం దాని పరిధిలోకి రావు. ఏడాదికి 65,000 వీసాల పరిమితిని అమెరికా గాట్స్ కింద ఇచ్చిన తన హామీల పత్రంలోనే రాసుకుంది. వీసా ఫీజుల పెంపుపై భారత్ 2016లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసి సంప్రదింపులు కోరింది, విషయం తీర్పు దాకా వెళ్లలేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఉత్తర్వు కొత్త దరఖాస్తులకు సంబంధించింది.

మనిషి వెళ్లలేకపోతే పనే ఇక్కడికి వస్తుంది. విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు 2024 నాటికే దేశంలో 1,700 దాటాయి, వాటిలో దాదాపు 19 లక్షల మంది పనిచేస్తున్నారు. అమెరికా వెళ్లాలనుకున్న యువకుడికి ఇది ఓదార్పు కాకపోవచ్చు, దేశానికి మాత్రం నష్టమని చెప్పలేం.

బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల ఉద్యోగికి ఏం లాభం?

2025 జులైలో సంతకాలు జరిగిన ఒప్పందంతో పాటు ఒక మినహాయింపు కుదిరింది. భారత కంపెనీ తాత్కాలికంగా బ్రిటన్‌కు పంపిన ఉద్యోగి మూడేళ్ల వరకు అక్కడి సామాజిక భద్రత చందా కట్టనక్కర్లేదు, ఇక్కడి భవిష్యనిధికి కడితే చాలు. అమెరికాతో అలాంటి ఏర్పాటు లేదు. అక్కడ కొన్నేళ్లు చందా కట్టి తిరిగి వచ్చేసినవారిలో చాలామందికి ఆ డబ్బు చేతికి రాదు.

## సొంతంగా చేసేవారికి

విజయవాడలో ఇంట్లో కూర్చుని దుబాయ్ కంపెనీకి వీడియో ఎడిటింగ్ చేస్తున్నాను. నేనూ ఎగుమతిదారునేనా? జీఎస్టీ కట్టాలా?

ఎగుమతిదారే. సేవ అందుకునేవారు విదేశంలో ఉండి, డబ్బు విదేశీ మారకంలో వస్తే జీఎస్టీ చట్టం దాన్ని సాధారణంగా సున్నా పన్ను ఎగుమతిగా చూస్తుంది. ఏడాది మొత్తం రాబడి ₹20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఆ తర్వాత ఏటా హామీ పత్రం, అంటే ఎల్‌యూటీ, దాఖలు చేస్తే పన్ను ముందు కట్టకుండానే బిల్లు వేయవచ్చు. ఆదాయపు పన్ను దీనికి వేరు, అది మామూలుగానే కట్టాలి.

విదేశం నుంచి డబ్బు దేనికోసం వచ్చిందో చెప్పేందుకు బ్యాంకు అడిగే పర్పస్ కోడ్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. సేవకు వచ్చిన సొమ్మును కుటుంబ పోషణ కోడ్ కింద నమోదు చేస్తే రేపు పన్ను అధికారికి ఎగుమతి అని రుజువు చేయడం కష్టం. దేశం లెక్కల్లోనూ మీ సంపాదన గల్ఫ్ నుంచి వచ్చిన ఇంటి ఖర్చుగా మారిపోతుంది. డబ్బు వచ్చిన ప్రతిసారీ బ్యాంకు నుంచి విదేశీ చెల్లింపు పత్రం తీసి దాచుకోండి.

## ఇక ముందు

ఏఐ వచ్చాక ఈ దారి మూసుకుపోతుందా?

ఒక పాత సంగతి చూద్దాం. 1990ల చివర మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనే పని హైదరాబాద్‌కు వచ్చింది. అమెరికా డాక్టరు సాయంత్రం చెప్పిన మాటల రికార్డింగు మనకు ఉదయానికి చేరేది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలితో పెడల్ నొక్కి ఆపుతూ, వెనక్కి తిప్పుతూ టైపు చేసేవారు. దాన్ని నేర్పే సంస్థలు కూడా చాలా పుట్టుకొచ్చాయి. మాటను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ మెరుగైనకొద్దీ ఆ పని కుదించుకుపోయింది. తర్వాత మెడికల్ కోడింగ్ వచ్చింది, అది ఇంకా ఎక్కువమందిని తీసుకుంది.

ఈసారీ అలాగే జరుగుతుందని హామీ లేదు. కొత్త సాధనాలు టైపింగుతో ఆగడం లేదు, కొత్తగా చేరిన ఇంజినీరు చేసే కోడ్ పనిని కూడా చేస్తున్నాయి. అనుభవజ్ఞులున్న భారత్ కంటే, ఆ తొలి పనులతోనే మొదలుపెట్టాలనుకున్న దేశాలకు చిక్కు ఎక్కువ. అనుభవం సంపాదించే చోటే తగ్గిపోతే అనుభవజ్ఞులు ఎక్కడి నుంచి వస్తారు?

కంపెనీకి భూమిని 99 పైసలకు ఇవ్వడం సబబేనా?

2025లో విశాఖ ఋషికొండ దగ్గర 21 ఎకరాలకు పైగా భూమిని టీసీఎస్‌కు 99 పైసలకు కేటాయించాక ఈ ప్రశ్న ఎక్కువైంది. ఒక పెద్ద కంపెనీ వస్తే మిగతావి వెంట వస్తాయన్నది ప్రభుత్వ వాదన. 1998 తర్వాత హైదరాబాద్‌లో జరిగింది కూడా అలాంటిదే. అయితే అప్పటి హైదరాబాద్‌కు పాత ప్రభుత్వ పరిశోధన సంస్థలు, విశ్వవిద్యాలయాలు, విమానాశ్రయం ఉన్నాయి. విశాఖకూ ఓడరేవు, ఉక్కు, నౌకాదళం, విశ్వవిద్యాలయం ఉన్నాయి కాబట్టి పందెం గుడ్డిది కాదు. కేటాయింపు పత్రంలో ఎన్ని ఉద్యోగాలు, ఏ గడువులోగా, ఇవ్వకపోతే భూమి వెనక్కి వస్తుందా అన్న మూడు సంగతులు అడగండి. ధర కంటే అవి ముఖ్యం.

కొత్త అంకెలు ఎప్పుడు వస్తాయి? రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ఉంటాయి?

వాణిజ్య మంత్రిత్వ శాఖ ప్రతి నెలా మధ్యలో ముందు నెల అంకెలు ఇస్తుంది. అందులో వస్తువుల లెక్క కస్టమ్స్ నుంచి వస్తుంది గానీ, తాజా నెల సేవల లెక్క అంచనా మాత్రమే. రిజర్వు బ్యాంకు అసలు అంకెను ఆ తర్వాత విడుదల చేస్తుంది. మూడు నెలలకోసారి వచ్చే చెల్లింపుల శేషంలో, అంటే విదేశాలతో దేశం జరిపిన లావాదేవీల మొత్తం లెక్కలో, అది మళ్లీ కొంత మారవచ్చు. పరీక్షలో రాసేటప్పుడు ఏ ఏడాదిదో, ఎవరి అంకెనో పక్కన రాస్తే సరిపోతుంది.